ఎవరో గారి సూది

మా తాత ఉదారుడు. పక్కింటివాళ్ళు మేడ మీద మేడ వేసినా, చెల్లెలి కొడుకు కారు కొన్నా, తన దగ్గర పని నేర్చుకున్నవాడు తననే మించిపోయినా, "పోనీలే, బాగుపడనీ" అంటాడు. ఆయన ఓర్వలేనిది ఈ లోకంలో ఒకే ఒక్క మనిషిని. ఆ ఒక్కడూ నానమ్మకు సొంత తమ్ముడు కావడం, వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి "బావా, ఎలా ఉన్నావ్?" అని నవ్వుతూ అడగడం తాత నుదుటి రాత.

ఆయన్ని మేం ప్రెస్సు తాత అంటాం. ప్రింటింగ్ ప్రెస్సులో తల నెరిసేదాకా పనిచేశాడు కాబట్టి ఆ పేరు. మా తాతను వీధిలో అందరూ సూదాయన అంటారు. దానికి రెండు కారణాలు. ఆయన బతుకంతా సూదితోనే గడిచింది. మొదట గ్రామఫోన్ రికార్డుల ఫ్యాక్టరీలో పాటను సూదితో పళ్ళెం మీద కోసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. ఇక రెండో కారణం, ఆయనతో పది నిమిషాలు మాట్లాడితే మీకే తెలుస్తుంది.

ఆ ఆదివారం ప్రెస్సు తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఒక చదరపు పొట్లంతో వచ్చాడు. వసారాలో తాత ఒక పాత మిషను పొట్ట విప్పి నూనె పెడుతున్నాడు. ప్రెస్సు తాత ఆయన్ని దాటి నేరుగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు.

"అక్కా, కళ్ళజోడు పెట్టుకుని రా."

"దేనికిరా? మళ్ళీ ఏమన్నా సంతకాలా?"

"సంతకాలే. కానీ పెట్టేది నేను."

పొట్లం విప్పాడు. లోపల కొత్త రికార్డు. కొత్తదంటే కొత్తది కాదు. నలభై అయిదేళ్ళ కింద నలుగురు కుర్రాళ్ళు చేసిన మొట్టమొదటి ఎల్పీని మళ్ళీ నొక్కించి బజారులోకి తెచ్చారు. పంక్ రాక్ అంటారు దాన్ని. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, గొంతు చించుకునే ఒక మనిషి. పద్నాలుగు పాటలూ కలిపినా అరగంట నిండదు. అచ్చు వేసిన ఐదొందల కాపీలూ అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పట్టిందట. ఆ తర్వాత వచ్చిన బ్యాండ్లు మాత్రం ఒకదాన్ని మించి ఒకటి "మమ్మల్ని చెడగొట్టింది ఈ రికార్డే" అని గొప్పగా చెప్పుకున్నాయి. పాత కాపీ దొరికితే ఇప్పుడు అద్దాల పెట్టెలో పెట్టుకుంటారట.

ఆ రికార్డు అట్ట వేసింది ప్రెస్సు తాత. లోపలి పళ్ళెం కోసింది మా తాత. మా ఇంటి గొడవంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

అట్ట కథ మా ఇంట్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. బ్యాండువాళ్ళు పార్కులో పిల్లలాడుకునే ఇనప కడ్డీకి మోకాళ్ళు మడిచి, తలకిందులుగా వేలాడుతూ ఫొటో దిగారు. ఆ ఫొటో అచ్చుకొచ్చింది. అప్పటికి ప్రెస్సు తాతకు ఇరవై రెండేళ్ళు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఫొటో చూసి "ఎవడో కంగారులో తలకిందులుగా పంపాడు, పాపం" అనుకుని తిప్పి సరిచేశాడు. ఆయన లెక్కలో మర్యాదస్తుడి తల పైనుండాలి, కాళ్ళు కిందుండాలి. ఐదొందల అట్టలూ అలాగే అచ్చయిపోయాయి. వాటి మీద నలుగురూ కడ్డీ మీద మోకరిల్లినట్టున్నారు. మొహాలు ఉబ్బిపోయి ఉన్నాయి. జుట్టు మాత్రం నలుగురికీ నిటారుగా ఆకాశంకేసి లేచి నిలబడింది.

యజమాని ఉద్యోగం పీకేస్తానన్నాడు. బ్యాండువాళ్ళు వచ్చి చూసి, ప్రెస్సు గదిలో నేల మీద దొర్లి నవ్వి, ఇదే ఉండాలన్నారు. ఆ ఏడాది నుంచి వాళ్ళ కచేరీకి వచ్చిన ప్రతి కుర్రాడూ సబ్బు నురగో, గంజో, చక్కెర నీళ్ళో పూసుకుని జుట్టు నిలబెట్టుకోవడం మొదలుపెట్టాడు. అలా ఒక మర్యాదస్తుడు చేసిన తప్పు వల్ల వేలమంది మర్యాద లేకుండా తల దువ్వుకున్నారు.

"తప్పు చేసినవాడికి పూలదండ, ఒప్పు చేసినవాడికి నూనె డబ్బా" అంటాడు తాత ఈ కథ వచ్చినప్పుడల్లా. ఇంకో సంగతి ఉంది. ఆ ప్రెస్సు కూడా రికార్డుల ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉండేది. నానమ్మ పోరు పడలేక బావమరిదికి ఆ ఉద్యోగం పెట్టించింది తాతే. "ఏకులా వచ్చాడు, మేకై కూర్చున్నాడు" అనేది ఆ సంగతికి ఆయన తగిలించే తోక.

ఆదివారం సంగతికొస్తాను. రికార్డుతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. నానమ్మ కళ్ళజోడు దొరక్క నా చేతికిచ్చింది. నేను బడికీ బడి నాకూ పడక ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. చదువుతాను కానీ నెమ్మదిగా చదువుతాను. ఆ నెమ్మదే ఆ రోజు తాత ప్రాణం తీసింది.

మూడో పేజీ నిండా ప్రెస్సు తాత ఫొటో. పక్కన ఆయన కథ. నేను ఒక్కో వాక్యం చదువుతుంటే నానమ్మ మురిసిపోతోంది.

"మా వంశంలో మొదటిసారి ఒకడి ఫొటో పుస్తకంలో పడింది" అంది.

"పోలీసు స్టేషన్లో పడ్డదాన్ని లెక్కపెట్టలేదా?" అన్నాడు తాత వసారాలోంచి.

"అది సైకిలుకి దీపం లేదని బావా. ఫొటో తియ్యలేదు, ఊరికే కూర్చోబెట్టారు" అన్నాడు ప్రెస్సు తాత, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఆయన నొచ్చుకోకపోవడమే తాతకు ఎక్కువ నొప్పి.

చివరి పేజీకి వచ్చాను. "రికార్డింగు టేపు ఎప్పుడో పాడైపోయింది. అందుకే ఫ్యాక్టరీ నాటి పాత నికెల్ అచ్చులతోనే దీన్ని మళ్ళీ నొక్కించాం. ఆ అచ్చులకు మూలమైన పళ్ళేన్ని అప్పట్లో ఎవరో కోశారు."

వసారాలో నూనె డబ్బా టక్కుటక్కు చప్పుడు ఆగిపోయింది. తాత లోపలికొచ్చాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఎవరో?"

"ఎవరో."

"ఎవరో అనే ఉందా? అచ్చుతప్పేమో చూడు."

"అచ్చుతప్పు సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు బావా" అన్నాడు ప్రెస్సు తాత. "ఇది కాదు."

తాత రికార్డును అట్టతో సహా అరచేతిలో పెట్టుకుని కూరగాయలు తూచినట్టు తూచి, "బరువు పెంచారు" అని ఇచ్చేశాడు. శనివారం రికార్డుల దుకాణంలో జనానికి సంతకాలు పెట్టడానికి తనను పిలిచారని, తప్పకుండా రావాలని ప్రెస్సు తాత చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక తాత మిషన్లో స్క్రూలన్నీ బిగించి, ఒకటి మిగిలిపోతే మళ్ళీ అన్నీ విప్పాడు. అలాంటిది నేను పుట్టాక జరగలేదు.

మర్నాడు పొద్దున్న నానమ్మ మొదలుపెట్టింది. "ఎవరో గారూ, టీ చల్లారిపోతోంది."

నాకింకేం కావాలి. "ఎవరో గారికి చక్కెర ఎంత వెయ్యాలి నానమ్మా?" అన్నాను. మధ్యాహ్నానికి వీధి మొగలో కిరాణా కొట్టు ఆయన కూడా "ఎవరో గారు వచ్చారు" అన్నాడు. ఆ కబురు అక్కడికెలా చేరిందో నాకు తెలీదు. నేను చెప్పింది ఇద్దరికే.

ఆ వారమంతా తాత కడుపులో పొయ్యి వెలుగుతూనే ఉంది. పేపర్లో ఆ అట్ట బొమ్మ వస్తే దాని మీద స్క్రూలు పరిచాడు. అట్ట రంగు వెలిసిందన్నాడు. పాతదాంట్లో నలుపు నల్లగా ఉండేదన్నాడు. మంగళవారం నాడు అద్దం ముందు నిలబడి, తడి చేత్తో తన వెనకతల మీద మిగిలిన పది వెంట్రుకలను పైకి లేపుతుంటే చూశాను. అవి లేచాయి, కాసేపు ఆలోచించాయి, పడుకున్నాయి. నన్ను చూసి, తల దురద పెడుతోందన్నాడు.

బుధవారం నేను ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"తాతా, ఆ ఎవరోవి నువ్వే కదా. ఆ దుకాణానికి వెళ్ళి నేనే అని చెప్తే సరిపోతుంది కదా."

"నేనే అంటే నమ్ముతారేంటే? మీ ప్రెస్సు తాతకు ఫొటో ఉంది. నాకేముంది?"

"ఏమీ లేదా?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు.

పళ్ళెం కోసే గది ఫ్యాక్టరీ పై అంతస్తులో ఉండేది. గోడలకు దళసరి గుడ్డ. మధ్యలో ఒక యంత్రం. దాని మీద అల్యూమినియం పళ్ళెం, పళ్ళెం మీద నున్నటి నల్లటి పూత. టేపులో పాట నడుస్తుంటే వేడి సూది ఆ పూతలో గాడి కోసుకుంటూ పోతుంది. కోసినకొద్దీ వెంట్రుక కన్నా సన్నటి దారం లేస్తుంది. దాన్నొక గొట్టం పీల్చేసుకుంటుంది. పీల్చకపోతే సూదికి చుట్టుకుని పళ్ళెం పాడైపోతుంది. ఆ మొదటి పళ్ళేనికి నికెల్ పూసి అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల్తో వేల రికార్డులు నొక్కుతారు. అంటే వేల ఇళ్ళల్లో మోగే ప్రతి మోతా ముందు ఒక మనిషి సూది కింద ఒక్కసారి పుట్టాలి.

బ్యాండువాళ్ళ టేపు వచ్చింది. అంత మోత ఆ ఫ్యాక్టరీలో ఎవరూ కోయలేదు. మోత ఎక్కువైతే గాడి పక్కగాడిలోకి తన్నుకుపోతుంది, సూది ఎగిరిపోతుంది. "సౌండు తగ్గించి కోసెయ్యవయ్యా, ఎవడు వింటాడు ఆ గోల" అన్నాడు ఫోర్‌మన్. తాతకు కూడా ఆ గోల పడదు. కానీ గోలలో నీళ్ళు కలపడం ఆయన వల్ల కాలేదు. మూడు రోజులు కోశాడు. పదకొండు పళ్ళేలు పాడుచేశాడు. చివరికి ఒకటి తట్టింది. పాటలు పొట్టివి, పళ్ళెం మీద చోటు మిగులుతోంది. మిగిలిన చోటంతా గాడులకు పంచేసి, ఒకదానికొకటి దూరం దూరంగా కోశాడు. అప్పుడు మోత ఎంత కావాలంటే అంత పట్టింది. మొదటి వైపు అలా పూర్తయింది.

"కోసిన ప్రతివాడూ తన గుర్తు పెడతాడే. పాటలయిపోయాక లేబులు చుట్టూ నున్నగా ఖాళీ ఉంటుంది చూడు, అక్కడ. చేతి సూదితో గీస్తాం. నా గుర్తు తోక ఉన్న సూది. దారం ఎక్కించిన సూదిలాగా."

"మరింకేం. అది చూపిస్తే చాలదా?"

"మొదటి వైపు చూపించొచ్చు."

"రెండో వైపు?"

తాత మిషను చక్రం ఒక చుట్టు తిప్పాడు.

"రెండో వైపు కోసే రోజునే బ్యాండువాళ్ళు ఫ్యాక్టరీకొచ్చారు. మెట్ల మీద చప్పుడవుతుందని తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నా. వాళ్ళు రాలేదు. కింద ప్రెస్సులోకెళ్ళి, మీ ప్రెస్సు తాతను భుజాల మీదెక్కించుకుని ఆవరణంతా ఊరేగించారు. కిటికీలోంచి చూశా. వాడు నాకు చెయ్యి కూడా ఊపాడు. ఆ సాయంత్రం రెండో వైపు కోసి, గుర్తు పెట్టి, గుర్తు పక్కన ఒక ముక్క కూడా రాశా."

"ఏం రాశావ్?"

"వద్దులే."

"ఎవరో గారూ."

"అట్ట చూసి కొన్నవాడికి చెవులు లేవు, అని."

నేను నవ్వు ఆపుకోలేక పీట మీంచి జారాను. ఆయన నవ్వలేదు.

"నా గుర్తు చూపించి నేనే అంటే, వాళ్ళు రికార్డు తిప్పుతారు. తిప్పితే ఆ ముక్క చదువుతారు. అది ఎవడి గురించో వాడికి చెప్పనక్కర్లేదు. నలభై అయిదేళ్ళ నుంచి మా ఇంటికొచ్చి బావా బావా అంటున్నవాడు, మా బావ కడుపులో ఇంత ఉందా అనుకుంటాడు."

"లేదా మరి?"

"ఉంటే మాత్రం తెలియాలా?"

అదీ ఆయన చిక్కు. పేరు కావాలంటే కుళ్ళు బయటపెట్టాలి. కుళ్ళు దాచుకోవాలంటే ఎవరోగా మిగిలిపోవాలి. మింగలేడు, కక్కలేడు. పైగా తన దగ్గర ఉన్న ఒకే ఒక్క కాపీని ఎప్పుడో ప్రెస్సు తాతే అడిగి పట్టుకెళ్ళి పోగొట్టేశాడట.

శనివారం మధ్యాహ్నం తాత చొక్కా మార్చుకున్నాడు.

"వాడి కోసం ఎవరూ రారులే. పాపం, ఒక్కడే కూర్చుంటాడు. చూసొద్దాం పద" అన్నాడు.

రికార్డుల దుకాణం ఒక చెప్పుల కొట్టు కింద నేలమాళిగలో ఉంది. మేం వెళ్ళేసరికి క్యూ మెట్లెక్కి, చెప్పుల కొట్టు దాటి, మూల మీద మందుల షాపు దాకా వచ్చింది. తాత చివర నిలబడి తలలు లెక్కపెట్టాడు. అరవై దాకా లెక్కపెట్టి, "చెప్పుల కోసం వచ్చినవాళ్ళు కూడా ఉంటారు" అన్నాడు.

చెప్పుల కోసం వచ్చినవాళ్ళకు జుట్టు అలా నిలబడి ఉండదు. కుర్రాళ్ళు, అమ్మాయిలు, నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. అందరూ జుట్టు లేపుకునే వచ్చారు. మా ముందు ఒక లావుపాటి మనిషి, యాభై దాటి ఉంటాయి, మెళ్ళో బ్యాంకు గుర్తింపు కార్డు తీయడం మర్చిపోయి వచ్చేశాడు. ఆయనకు పైన జుట్టు లేదు కానీ చెవుల పక్కనున్నది నిలబెట్టుకున్నాడు. నల్ల చొక్కా. దాని వీపు మీద తెల్లటి అక్షరాలు.

నేను తీరిగ్గా కూడబలుక్కునేలోపే తాత నా భుజం పట్టుకున్నాడు.

చొక్కా మీద ఇలా ఉంది: అట్ట చూసి కొన్నవాడికి చెవులు లేవు.

అచ్చు అక్షరాలు కాదు. గీతలు గీతలుగా, సూదితో గీకినట్టు. పక్కనే తోక ఉన్న సూది.

తాత ఆయన భుజం తట్టాడు.

"ఏమండీ. మీ వీపు మీద రాసుంది, ఎక్కడిదండీ?"

బ్యాంకాయన వెనక్కి తిరిగాడు. "తెలీదాండీ? రెండో వైపు చివర్లో చెక్కి ఉంటుంది. పాటగాడు రాశాడు."

"పాటగాడా?"

"మరింకెవరు రాస్తారండీ? వేషం చూసి మోసపోకు, ముందు చెవి పెట్టి విను అని. నాకు బ్యాంకులో మేనేజరు తిట్టినప్పుడల్లా ఇదే అనుకుంటా. ఈ చొక్కా నాకు మూడోది. రెండు చిరిగిపోయాయి."

"పాటగాడు సూది పట్టుకోగా మీరు చూశారా?"

"మీరు చూశారా?"

"పాటగాడు తానే రాశానని చెప్పాడా?" అన్నాడు తాత మాట మార్చి.

"చెప్పలేదు. కాదని కూడా అనలేదు. గొప్పవాళ్ళు అంతే కదండీ."

అప్పటిదాకా తాతకు ఒక్కరి మీదే అసూయ. ఆ క్షణం నుంచి ఇద్దరయ్యారు. సొమ్మొకడిది, సోకొకడిది.

"చెప్పెయ్యి తాతా" అన్నాను చెవిలో.

"ఎలా చెప్పనే? వాడక్కడ కూర్చున్నాడు" అన్నాడు. కానీ క్యూలోంచి కదల్లేదు. ఒక్కో మెట్టూ దిగుతూనే ఉన్నాడు. కింద ఎవరో రికార్డు పెట్టారు. మొదటి దెబ్బకే గోడకున్న అట్టలు అదిరాయి. బ్యాంకాయన కళ్ళు మూసుకున్నాడు. తాత కూడా తల ఒక పక్కకి వంచి, పాట కాదు, పాట కిందనున్న గాడి విన్నాడు. "ఎగరలేదు" అన్నాడు తనలో తాను. "ఇన్నేళ్ళయినా ఎగరలేదు."

కింద బల్ల వెనక ప్రెస్సు తాత పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. పక్కన దుకాణం నడిపే ఆవిడ ఒక్కో అట్టా అందిస్తోంది. ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి సంతకం పెడుతున్నాడు. ప్రతిసారీ జనం నవ్వుతున్నారు. బ్యాంకాయనకు పెట్టాడు. మా వంతు వచ్చింది. తల ఎత్తకుండానే, "ఎవరి పేరు మీద పెట్టమంటారండీ?" అన్నాడు.

"ఎవరో" అన్నాడు తాత.

ప్రెస్సు తాత తలెత్తాడు. బావా బావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు. బ్యాంకాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"సార్, మీరు చెప్పండి" అన్నాడు ప్రెస్సు తాతతో. "ఈ పెద్దాయన సందేహపడుతున్నారు. రెండో వైపు మాట పాటగాడు రాసిందే కదా?"

ప్రెస్సు తాత కలానికి మూత పెట్టాడు.

"కాదు. ఈయన రాశాడు. మా బావ. ఆ రికార్డు కోసింది కూడా ఈయనే."

దుకాణంలో తలలన్నీ తాత వైపు తిరిగాయి. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది తాత.

"నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? అక్కకు పెళ్ళికి ముందు నువ్వు రాసిన ఉత్తరాలన్నీ దొంగతనంగా చదివింది నేనే. నీ అక్షరాలకు తోకలుంటాయి బావా. సూది గుర్తుకే కాదు."

"ఎప్పుడు చూశావ్?"

"బయటికొచ్చిన వారానికి. నీ కాపీ పట్టుకెళ్ళి పోగొట్టానన్నానే, పోలేదు. నా దగ్గరే ఉంది. మీ ఇంట్లో ఉంటే అక్క చదువుతుందని తెచ్చేసుకున్నా."

"తెలిసి కూడా నలభై అయిదేళ్ళు మా ఇంట్లో టీ తాగావా?"

"టీ పెట్టింది అక్క. నువ్వు కాదు."

తాత బల్ల అంచు పట్టుకున్నాడు. "మరి పుస్తకంలో ఎవరో అని..."

"వాళ్ళొచ్చి నన్నే అడిగారు, పళ్ళెం ఎవరు కోశారని. ఎవరో అన్నా." ప్రెస్సు తాత మొహంలో మొదటిసారి నవ్వు లేదు. "నా అట్టను నువ్వు అంత మాటన్నావు. నేను ఊరుకోవాలా? నీకేం బావా. ఆ రికార్డు విన్నవాడల్లా అబ్బ ఏం మోత అన్నాడు. నా అట్ట చూసినవాడల్లా నవ్వాడు. నేను చేసింది తప్పని నాకు తెలీదా? భుజాల మీద ఎక్కించుకుంది కూడా నవ్వడానికే. పై గదిలో కిటికీ దగ్గర నువ్వు కనపడ్డావు. పని వచ్చినవాడు అక్కడ కూర్చున్నాడు, పని చెడగొట్టినవాణ్ణి వీళ్ళు ఊరేగిస్తున్నారు అనుకున్నా. చెయ్యి ఊపింది అందుకే, దింపించమని."

ఎవరిని చూసి ఎవరు కుళ్ళుతున్నారో నాకు లెక్క తేలలేదు.

దుకాణం ఆవిడే ముందు తేరుకుంది. "మీరే అనడానికి ఏదన్నా గుర్తుందా అండీ?" అంది మర్యాదగా.

తాత జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీశాడు. ఇంకో జేబులోంచి, గుడ్డలో చుట్టిన చేతి సూది తీశాడు. వాణ్ణి ఊరికే చూసొద్దాం అన్న మనిషి రెండు జేబుల్లో రెండు ఆయుధాలతో వచ్చాడని అప్పుడు తెలిసింది నాకు. బల్ల మీదున్న ఒక రికార్డును అంచులు మాత్రమే పట్టుకుని వెలుగులో వాల్చి, లేబులు పక్కన నున్నటి ఖాళీలో, పాత గుర్తు పక్కన, ఒక్క ఊపిరిలో ఇంకో గుర్తు గీశాడు. దారం తోకతో సహా. దుకాణం ఆవిడ భూతద్దంలోంచి రెండూ చూసింది. కవలపిల్లల్లా ఉన్నాయి.

ఆమె ఇంకో కుర్చీ వేయించింది.

బ్యాంకాయన తాత ముందు నిలబడి, మెళ్ళో కార్డు చొక్కా లోపలికి దోపుకున్నాడు. "మరి ఆ మాటకు అర్థం..." అన్నాడు. "వేషం చూసి మోసపోకు అనేగా అండీ?"

తాత బావమరిది వైపు చూశాడు. బావమరిది పైకప్పు వైపు చూశాడు.

"అనే" అన్నాడు తాత.

ఇక అక్కడినుంచి రెండు క్యూలయ్యాయి. ఒకటి అట్ట దగ్గర, ఒకటి పళ్ళెం దగ్గర. అట్ట మీద సంతకానికి అరనిమిషం చాలు. తాత మాత్రం ఒక్కో రికార్డునూ వెలుగులో తిప్పి, ఊది, తుడిచి, అయిదేసి నిమిషాలు తీసుకుంటున్నాడు. కాసేపటికి ఆయన క్యూ మెట్లెక్కిపోయింది, ప్రెస్సు తాత ముందు ముగ్గురు మిగిలారు.

"త్వరగా కానీ బావా. సంతకమే కదా."

"సంతకం కాదు. పని."

"నీ క్యూ పొడుగ్గా ఉందని అనుకోకు. నువ్వు నెమ్మది, అంతే."

"లెక్కపెడుతున్నావేంటి?"

"లేదు. నలభై మూడు."

చివరికి ప్రెస్సు తాత తన సొంత కాపీని బల్ల మీదుగా తోశాడు. తాత రెండో వైపు తిప్పి, పాత వాక్యం కింద ఏదో గీశాడు. గుర్తు కాదు, అక్షరాలు. ఆవగింజలో సగం ఉంటాయి. తిరిగి ఇచ్చేసి భూతద్దం జేబులో వేసుకున్నాడు. ప్రెస్సు తాత కళ్ళజోడు పైకి కిందికి జరిపి చూశాడు, దీపం కిందకి వెళ్ళి చూశాడు. బావను భూతద్దం అడగడం కన్నా కళ్ళు పోగొట్టుకోవడమే మేలనుకునే మనిషి ఆయన. దుకాణం ఆవిణ్ణి అడిగితే పదిమందిలో ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఆ రాతతోనే రికార్డును చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తాత నిద్ర లేవకముందే నన్ను మూలకి పిలిచి రికార్డు చేతిలో పెట్టాడు.

"నీ కళ్ళు చురుకు కదమ్మా. ఏం రాశాడో చదివి పెట్టు."

కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను. పై వాక్యం పాతదే. కింద కొత్తగా మూడే మూడు మాటలున్నాయి: అట్ట కూడా ఫరవాలేదు.

"ఏముంది?"

"ఎనిమిదో తరగతే కదా తాతా నేను. ఇంత చిన్న అక్షరాలు మాకు నేర్పలేదు."

"తిట్టా?"

"ఏమో. పొడుగ్గానే ఉంది."

అప్పటినుంచి ప్రెస్సు తాత వారానికి రెండుసార్లు రావడం మానేసి నాలుగుసార్లు వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా నాకు ఏదో ఒక పొట్లం తెస్తాడు. వసారాలో తాత పక్కనే కూర్చుని, ఆయన జేబులో భూతద్దం వైపు ఓరగా చూస్తూ టీ తాగుతాడు. మొన్న ఆయన వెళ్ళాక తాత నూనె డబ్బా పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"నేనేం రాశానో చెప్పేశావా వాడికి?"

"లేదు."

"చెప్పకు" అన్నాడు. "ఇంకో వారం మండనీ."